ఊక లారీ ఎత్తు

లారీలకు దారి చూపే పెట్టె ఏది కొనాలె అని ఇప్పటికీ నాకు ఫోన్లు వస్తుంటయి. కొత్తగ ట్రాన్స్‌పోర్ట్ పెట్టినోళ్లు, పాత సేట్ల కొడుకులు, మొన్న మొన్న హెవీ లైసెన్స్ తీసుకున్న పోరగాళ్లు. "కాకా, ఫోన్ల మ్యాప్ సాల్తదా, లారీలకని వేరే పెట్టెలు వస్తున్నయట గదా, అవే కొనాల్నా?" అంటరు. నేను ముందుగాల ఒక్కటే అడుగుత: "ఏం లోడు కొడ్తవ్ బిడ్డా?" చానామందికి కోపమొస్తది. పెట్టె గురించి అడిగితే లోడు గురించి అడుగుతడేంది ఈ ముసలాయన అనుకుంటరు. ఎందుకు అడుగుతనో ఈడ రాసి పెడ్తున్న. చదివి, కొనేది కొనుక్కోండ్రి.

ముందు నేనెవరో చెప్పాలె. సూర్యాపేటల ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల ముప్పై నాలుగేండ్లు పని చేసిన. మొదటి ఇరవై ఏండ్లు స్టీరింగ్ మీద. మోకాళ్లు మొండికేసినంక కుర్చీల, సూపర్‌వైజర్‌గ. ఏ బండి ఏ మిల్లుకు పోవాలె, ఏ తోవన పోవాలె, ఎవడు ఏడ చాయ్‌కి ఆగి గంట గడిపిండు, అన్నీ నా నోటి మీదనే నడిచేటియి. నోరంటే మంచి నోరు కాదు. "సార్ ఫోన్ చేస్తే చెవికి తువ్వాల అడ్డం పెట్టుకోవాలె" అని డ్రైవర్లు నా ముందటనే అనేటోళ్లు. నేను అది మెచ్చుకోలు అనుకునేటోన్ని.

మా బండ్లు పద్నాలుగు. సగం బండ్లు వాడపల్లి దిక్కు నుంచి సిమెంటు తెచ్చేటియి. మిగిలిన సగం ఊక బండ్లు. మిర్యాలగూడల రైస్ మిల్లులకు లెక్క లేదు, మిల్లు ఉన్న కాడల్లా ఊక కుప్ప ఉంటది. ఆ ఊకను కోదాడ, సూర్యాపేట చుట్టుపక్కల ఇటుక బట్టీలకు చేరగొట్టేది మా పని. ఊక లారీ చూడనోళ్ల కోసం చెప్త. ఊకకు బరువు లేదు, జాగ మాత్రం ఎక్కువ కావాలె. అందుకని బాడీ చుట్టూ కట్టెలు నిలబెట్టి, వల కట్టి, ఊక పోసి మనుషులెక్కి తొక్కుతరు. మళ్ల పోస్తరు, మళ్ల తొక్కుతరు. మూడు సార్లు తొక్కి నింపితే అది మూడు తొక్కుల లోడు. పట్టా కప్పి తాళ్లు బిగిస్తే లారీ చూడి బర్రె లెక్క రెండు పక్కలా ఉబ్బుతది, క్యాబిన్ మీద ఇంకో క్యాబిన్ పెట్టినంత ఎత్తు లేస్తది. రూల్ ప్రకారం అంత ఎత్తు పోయొద్దు. పోసేది అందరికీ తెలుసు. పోస్తున్నమని కాగితం మీద రాసేటోడు మాత్రం ఎవ్వడూ ఉండడు.

ఆ లోడుతోని ఊర్లల్లకు పోవాలంటే మీద ఒక మనిషి కూసోవాలె. ఆయన చేతుల పంగల కర్ర ఉంటది. బాగ ఎండిన వెదురు, కొసకు పంగ. ఇండ్లకు గుంజిన కరెంటు వైర్లు కిందికి వేలాడుతుంటే ఆ పంగతోని పైకెత్తి పడ్తడు, లారీ కింద నుంచి మెల్లగ జారుకుంటది. మీద మనిషి అంటం ఆయనను. మా ఏడు ఊక బండ్లకు ఏడుగురు మీద మనుషులుండె, అందరూ నలభై దాటినోళ్లే.

ఇగ ఈ ముచ్చటల అసలు మనిషి ఒక ఊక బండి డ్రైవర్. ఆయనది చివ్వెంల దిక్కు తండా. నా కంటె నాలుగేండ్లు చిన్న. నేను స్టీరింగ్ మీద ఉన్నప్పుడు ఇద్దరం ఒక్క బండినే మార్చి మార్చి నడిపినోళ్లం, ఒక్క గిన్నెల తిన్నోళ్లం. నలుగురిల ఉంటె "సార్" అంటడు, ఇద్దరమే ఉంటె "అన్నా" అంటడు. ముప్పై ఏండ్లల్ల బండికి గీత పడనియ్యలే. చుక్క ముట్టడు. ఒక్కటే అలవాటు, కొత్త తోవ అయితే ఊరి మొదట్ల బండి ఆపుతడు, దిగి పోయి అడుగుతడు. ఒక్కల్ని కాదు, ముగ్గుర్ని. "మొదటాయన తెల్వక చెప్పొచ్చు, రెండో ఆయన మొహమాటానికి చెప్పొచ్చు. మూడో ఆయన కూడ అదే చెప్తే తోవ ఉన్నట్టు" అనేటోడు. ఈ అడుగుడుల అర్ధ గంట పోయేది. నాకు ఒళ్లు మండేది.

మా పెద్ద సేటు పోయినంక కొడుకు కూసున్నడు. మంచి పిలగాడే. నన్ను కాకా అంటడు. ఒక రోజు పిలిచి, "కాకా, బట్టీలోళ్లు ఫోన్ మీద ఫోన్. బండి ఏడుంది, ఎప్పుడొస్తది అని. ప్రతి డ్రైవర్ ఆగి అడుక్కుంట పోతుంటే ఎట్ల? బండ్లన్నిటికీ నావిగేషన్ పెడ్దాం. ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు" అన్నడు. రిటైర్‌మెంట్ ఆరు నెలలు ఉంది నాకు. పోయేముందు ఒక పేరు మిగిలే పని దొరికిందని సంబురపడ్డ.

ముందుగాల ఖర్చు లేని తోవ చూసినం. అందరి జేబులల్ల ఫోన్లు ఉండనే ఉన్నయి. ఫోన్ల మాట్లాడే ఆమెకు డ్రైవర్లు "వదిన" అని పేరు పెట్టిన్రు. పది రోజులల్ల ఆఫీసుల ఎవని నోట చూడు, వదిన ముచ్చటే. "ఎందుకు లేటయింది రా?" అంటే "వదిన తిప్పింది సార్." "టోల్ గేటుకెందుకు పోయినవ్?" "వదిన పొమ్మన్నది." ఒక సిమెంటు బండిని ఆమె సాగర్ ఎడమ కాలువ కట్ట మీదికి ఎక్కిచ్చింది. కట్ట మీద రోడ్డు ఉన్న మాట నిజమే, కాని అది మోటార్ సైకిళ్లకు. ఒక పక్క నిండు కాలువ, ఒక పక్క వరి పొలం, లారీ తిరిగే జాగ లేదు. కిలోమీటర్‌న్నర రివర్స్ వచ్చిండు మా వాడు. వచ్చి నా ముందట నిలబడి, "ఇయ్యాల్టి నుంచి మా అన్నతోనే మాట్లాడుత సార్, వదినతోని కాదు" అన్నడు. తిట్టబోయి నవ్విన.

సంగతేందంటే ఫోన్ల మ్యాప్‌కు నువ్వు నడిపేది కారా, లారీనా తెల్వదు. అన్నిటినీ కారే అనుకుంటది. లారీలకని చేసిన పెట్టె వేరే ఉంటది, దానికి బండి కొలతలు చెప్తే ఇరుకు వంతెనలు, ఎత్తు సరిపోని అండర్ బ్రిడ్జిలు తప్పిస్తది అని తెలిసింది. కోదాడల ఒకాయన అమ్ముతడంటే పోయిన. కోదాడ మాట మీకు తెలుసు గదా, సగం అవతలి దిక్కు మాట.

"బాబాయ్ గారూ, ఇదిగోండి, పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, నాలుగూ కొట్టండి. ఇక అదే చూసుకుంటుంది. అయితే ఒక్కటి, మీరిచ్చిన అంకెల మీదే దాని తెలివంతా. అంకె తప్పయితే నన్ననొద్దు సుమండీ."

"వైర్లు తెలుస్తయా దీనికి?" అని అడిగిన. అడిగిన, నిజంగ అడిగిన. అదే నాకు ఇంకా బాధ.

"పెద్ద లైన్లు, వంతెనలు వరకూ ఉంటాయండీ. ఇళ్ల మీద నుంచి ఇళ్ల మీదకి లాక్కున్న సర్వీసు వైర్లు ఏ మ్యాప్‌లో ఉంటాయి చెప్పండి? ఎత్తు అంకె ఎక్కువుంటే మాత్రం ఊళ్లలోకి దింపదు, పెద్ద రోడ్డు మీదే ఉంచుతుంది." అని నవ్విండు.

నిజాయితీగల మనిషి. ఆయన దాచింది ఏం లేదు. నేనే ఆ మాటను కోదాడలనే ఇడిసిపెట్టి సూర్యాపేటకు పెట్టెలు తెచ్చుకున్న.

కొలతలు నింపే పని ఎవ్వరికీ ఇయ్యలే. పద్నాలుగు బండ్ల కాగితాలు ముందటేసుకుని నేనే కూసున్న. పొడవు, వెడల్పు, బరువు సరిగ్గనే కొట్టిన. ఎత్తు కాడికి వచ్చేసరికి వేలు ఆగింది. ఊక బండి ఎత్తు ఎంత అని రాయాలె? ఉన్నది ఉన్నట్టు మూడు తొక్కుల ఎత్తు కొడితే, రూల్ తప్పుతున్నమని మా చేతితోని మేమే మెషిన్ల ఎక్కిచ్చినట్టు. రేపు ఎవరన్న చూస్తే? కాగితాలల్ల బాడీ ఎత్తు ఎంతుందో అంతే కొట్టి పక్కకు పెట్టిన. ఏడు బండ్లకూ అంతే. నా ఉద్యోగం మొత్తంల నేను చేసిన పెద్ద తప్పు అదే, అప్పుడు మాత్రం అది తెలివనుకున్న.

రెండో తెలివి దాని ఎన్కనే వచ్చింది. పెట్టె దారి చూసుకుంటది, ఎత్తు చూసుకుంటది, మరి మీద మనుషులెందుకు? సేటుకు చెప్పిన, ఆయన "నీ ఇష్టం కాకా" అన్నడు. ఏడుగురినీ మిల్లుల లోడింగ్‌కు మార్చిన. పంగల కర్రలు షెడ్డుల మూలకు పడ్డయి.

ఆ సాయంత్రం తండా ఆయన నా బల్ల కాడికి వచ్చిండు. ఎవ్వరూ లేరు, అందుకే అన్నా అన్నడు.

"అన్నా, ఈ పెట్టెకు మన లోడు ఎంత ఎత్తుంటదో తెల్సా?"

"ఎందుకు తెల్వదు? కాగితాలు చూసి నింపిన."

"కాగితాలల్ల ఊక ఉన్నదా?"

నాకు సుర్రుమన్నది. దొరికిపోయినోనికి వచ్చే కోపం అది, ఇప్పుడు తెలుస్తున్నది. "నువ్వు నాకు నేర్పుతవా? చెప్పింది చెయ్" అన్న. ఆయన నన్ను జరసేపు చూసి, పెట్టెను గుడ్డల చుట్టుకుని తీసుకపోయిండు.

నెల రోజులు బ్రహ్మాండంగ నడిచింది. అబద్ధమెందుకు, పెట్టె మంచిదే. సిమెంటు బండ్లు గంట ముందు చేరుతుండె. ఆఫీసుల గోడకు పెద్ద టీవీ పెట్టిచ్చిండు సేటు. దాని మీద పద్నాలుగు చుక్కలు పాకుతుంటే కుర్చీల కూసోని చూసేటోన్ని. ఒక చుక్క గీత తప్పితే చాలు, ఫోన్. "ఏడికి పోతున్నవ్? గీత మీదికి రా!" పెట్టె చెప్పిన తోవ ఇడిసినోన్ని బండి దించుత అని ఆర్డర్ కూడ పెట్టిన. ఇగ అప్పటి నుంచి ఎవ్వడూ ఆగి అడిగేది బంద్ చేసిన్రు.

ఆ రోజు పొద్దున పదిన్నర అయితది. వేరే ట్రాన్స్‌పోర్టుల సేట్లు ఇద్దరు మా టీవీ చూడనీకి వచ్చిన్రు. మా సేటు చాయ్ తెప్పిచ్చిండు. నేను కట్టె పట్టుకుని మాస్టర్ లెక్క చుక్కలు చూపిస్తున్న. అప్పుడే తండా ఆయన ఫోన్. మిర్యాలగూడల మూడు తొక్కుల లోడు ఎత్తుకుని, కోదాడ అవతల బట్టీకి పోతున్నడు. గొప్పకు స్పీకర్ పెట్టిన, అందరూ వినాలని.

"సార్, ఇది మెయిన్ రోడ్డు ఇడిసి ఎడమకు తిప్పమంటున్నది. ఊర్లకు పోతది. గల్లీ ఇరుకు, వైర్లు కిందికున్నయి. ఈడికే కనవడ్తున్నయి."

"ఎంత దూరం తగ్గుతదంట?"

"పదకొండు కిలోమీటర్లు తగ్గుతదంటున్నది."

"మరింకేంది?"

"మీద మనిషి లేడు గద సార్. జర దిగి అడుగుత. ముగ్గుర్ని అడిగి, కాదంటె పాత తోవన్నే పోత."

సేట్లిద్దరు నా మొకం చూస్తున్నరు. పెట్టెల గురించి అంత సేపు గొప్పలు చెప్పిన మనిషిని, నా డ్రైవరే దిగి అడుగుతనంటడా? "ముప్పై ఏండ్లు అడుక్కుంటనే తిరిగినవ్, ఇంకెన్నేండ్లు అడుగుతవ్?" అన్న. "పెట్టె ఏ తోవ చూపిస్తే ఆ తోవన పో. నీ కంటె దానికి ఎక్కువ తెలుసు." సేట్లు పకపక నవ్విన్రు. ఆ నవ్వు ఆయనకూ వినపడే ఉంటది. "మంచిది సార్" అని పెట్టేసిండు.

సేట్లు పోయిన్రు. నేను టీవీ కాడికి వచ్చి చూస్తే ఆ చుక్క ఒక్క కాడనే ఉంది. పది నిమిషాలకూ అక్కడే, ఇరవై నిమిషాలకూ అక్కడే. ఫోన్ చేస్తే ఎత్తలే. తిడుతూనే చేస్తున్న. నాలుగోసారి ఎవరో ఆడమనిషి ఎత్తి, "ఈ ఫోనాయన లారీ మీదికెల్లి పడ్డడయ్యా. మీరేమైతరు?" అన్నది.

సేటు జీపుల పోయిన. ఆ ఊరు చేరేసరికి ఒంటిగంట దాటింది. లారీ గల్లీ నడుమ ఇరుక్కుని ఉంది, ముందుకు లేదు, ఎన్కకు లేదు. ఎన్క ట్రాక్టర్లు, ఒక ఆటో, జనం. జరిగింది అక్కడోళ్లు చెప్పిన్రు. గల్లీలకు వచ్చినంక మొదటి వైరు ముందట ఆగిండట. రివర్స్ పోదామంటే ఎన్క ట్రాక్టర్లు హారన్లు. కర్ర షెడ్డుల ఉండె గదా, ఒక ఇంట్ల వెదురు అడిగి తెచ్చుకున్నడు. తానే ఎక్కి వైరు లేపి పక్క మిద్దె పిట్టగోడకు తాడుతోని కట్టి, దిగి, బండి నాలుగు గజాలు జరిపి, మళ్ల ఎక్కి. అట్ల రెండు వైర్లు దాటిచ్చిండు. మూడో వైరు కాడ షాక్ కొట్టింది. అడిగి తెచ్చుకున్న వెదురు పచ్చిది. అంత ఎత్తు నుంచి రోడ్డు మీద పడ్డడు.

బడి వరండాల మంచం వేసి పండబెట్టిన్రు. కుడి చెయ్యికి బద్దలు కట్టి ఉంది. ఒక ముసలవ్వ పక్కన కూసోని తడి గుడ్డతోని మొకం తుడుస్తున్నది. ప్రాణానికి ఏం కాలే, ఆ మాట విన్నంక గోడకు ఒరిగిన. చుట్టూ యాభై మంది ఉన్నరు. వాళ్ల కరెంటు పోయింది, తోవ బంద్ అయింది, కళ్ల ముందట మనిషి పడ్డడు. కోపంగనే ఉన్నరు. కాని ఆ కోపం ఆయన మీద కాదు.

అవ్వ నన్ను చూసింది, ఆయనను చూసింది. "బిడ్డా, గింత పెద్ద బండిని గీ గల్లీలకు పంపినోడెవడు?" అని అడిగింది.

ఆయన కళ్లు తెరిచి ఉన్నయి. నా దిక్కు చూడలే. "ఎవ్వరు పంపలే అవ్వా. నేనే వచ్చిన" అన్నడు.

నేను నోరు తెరవలే. ముప్పై నాలుగేండ్లు ఎవ్వనికీ భయపడకుండ ఒర్లిన నోరు, అప్పుడు మూసుకుంది.

కోదాడ దవాఖానల చూపిచ్చినం. చెయ్యి రెండు కాడ ఇరిగింది, మెడ కింది ఎముక కూడ. ఆపరేషన్ చేసి రాడ్ వేసిన్రు. మూడు నాలుగు నెలలకు స్టీరింగ్ పట్టొచ్చు అని డాక్టరు చెప్పిండు. చెయ్యి బాగయితదని నేను గుండెల మీద చెయ్యేసుకున్న. కాని డ్రైవర్‌కు చెయ్యి ఒక్కటే కాదు గదా. పేరు కూడ ఉండాలె.

నాలుగు రోజులల్ల పేరు ఖతం అయింది. సూర్యాపేట లారీల అడ్డాల ఒకడు "ముసలోనికి పెట్టె వాడరాలే" అన్నడు. ఇంకొకడు "సొంత తెలివికి పోయి గల్లీల దూరిండు" అన్నడు. అయిదో రోజుకు "మందేసిండట" దాక వచ్చింది. చాయ్ హోటల్ల ఒక సేటు నన్నే అడిగిండు, "ఏమయ్యా, తాగి ఉండెనట గదా, నిజమేనా?"

నేను "ఏమో" అన్న.

చూడుండ్రి, అబద్ధం కూడ చెప్పలే. ఉత్త "ఏమో". ఆ రెండక్షరాలు పలికి, చాయ్ తాగి, గ్లాసు పెట్టి వచ్చిన. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటె నా మీద నాకు అసహ్యమేస్తది. నా పక్కన తిని పండి లేచిన మనిషి, చుక్క ముట్టనోడు అని నాకు తెలిసినంత ఇంకెవ్వనికీ తెల్వదు.

ఎనిమిదో రోజు మా సేటు ఒక కాగితం టైపు చేయించి నా ముందట పెట్టిండు. ఊరోళ్లు పోలీస్ స్టేషన్ల దరఖాస్తు ఇచ్చిన్రు, ఆఫీసు తరఫున జవాబు ఇయ్యాలె. డ్రైవర్ పెట్టె చూపిన తోవ ఇడిసి, ఎవ్వరికీ చెప్పకుండ సొంతంగ ఊర్లకు పోయిండు అని ఉంది అందుల. "ఆయన కూడ నేనే వచ్చిన అన్నడు గద కాకా, నువ్వు సంతకం పెడితే అయిపాయె" అన్నడు. పెన్ను కూడ మూత తీసి ఇచ్చిండు.

ఆ కాగితం పోతే ఆయన లైసెన్స్ మీదికి వస్తది. లైసెన్స్ మిగిలినా సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాక ఒక్క సేటు కూడ ఆయనకు తాళం చెవి ఇయ్యడు. అది నాకు తెలుసు, ఎందుకంటె అట్లాంటి డ్రైవర్‌కు నేనూ ఇయ్యకపోదును.

"జర ఆగు" అని కంప్యూటర్ల ఆ రోజు రికార్డు తీసిన. పెట్టె గీసిన గీత నీలం, బండి పోయిన గీత ఎరుపు. ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉన్నయి, ఎంట్రుక మందం తేడా లేదు. ఊరి మొదట్ల మాత్రం బండి ఆరు నిమిషాలు ఆగింది. నా ఫోన్ల చూసుకున్న, మేమిద్దరం మాట్లాడింది నిమిషంన్నర. అంటె నాతోని మాట్లాడినంక కూడ నాలుగున్నర నిమిషాలు ఆగిండు. దిగలే, అడగలే అని ఊరోళ్లు అప్పుడే చెప్పిన్రు. ఉత్తగ ఆగి కూసున్నడు. నాలుగున్నర నిమిషాలు ఆయన ఏం ఆలోచించిండో అనుకుంటనే సేటు ఇచ్చిన పెన్ను పట్టుకున్న.

ఆ టైపు మీద అడ్డంగ గీత కొట్టి, కాగితం తిరగేసి, వెనక తెల్లగ ఉన్న దిక్కు నేనే రాసిన. మొత్తం రాసిన. ఎత్తు అబద్ధం నింపింది నేనే అని, మీద మనిషిని తీసేసింది నేనే అని, వైర్లు కిందికున్నయని ఆయన ఫోన్ చేస్తే పొమ్మని చెప్పింది నేనే అని. ఆయన చుక్క ముట్టడని కూడ రాసిన, ఎవ్వరూ అడగకపోయినా. కింద సంతకం పెట్టి సేటుకు ఇచ్చిన.

ఆయన చదివి, తల పట్టుకుని, "కాకా, ఎందుకు మీదేసుకుంటవ్? రెండు నెలలల్ల ఇంటికి పోయేటోనివి" అన్నడు.

"మీదేసుకునుడు కాదు బిడ్డా. నాదే."

"ఎత్తు గురించి ఎందుకు రాసినవ్? రేపు అన్ని బండ్లూ ఆపుతరు."

"ఆపనీయి."

సేటు కాగితం మడత పెట్టి, "ఇగ రేపటి సంది నువ్వు రాకు" అన్నడు. అరవలే, మెల్లగనే అన్నడు. ఆయన తప్పు కూడ లేదు, నడుస్తున్న కారఖానా నెత్తి మీద రాయి వేసిన నేను. కాని ఆ కాగితాన్ని చింపలే. స్టేషన్ల ఇచ్చిండు, ఒక జిరాక్స్ నాకూ ఇచ్చిండు. తర్వాత ఊక బండ్లకు రెండు తొక్కులకు మించి పోసుడు బంద్ చేయించిండు. మీద మనుషులను మళ్ల ఎక్కిచ్చిండు. పెట్టెలు తీయలే, తీయనక్కర లేదు కూడ. అవి ఇప్పటికీ ఉన్నయి, మంచిగ పని చేస్తున్నయి, ఎత్తు కాడ నిజం అంకె ఉంది.

నేను మాత్రం దండ లేకుండ, ఫొటో లేకుండ, టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సుల ఇంటికి వచ్చిన.

తెల్లారి జిరాక్స్ జేబుల పెట్టుకుని తండాకు పోయిన. ఆయన అరుగు మీద మంచంల కూసోని ఉన్నడు, చెయ్యి మెడకు కట్టి ఉంది. ఆయన భార్య ఎండల మిరపకాయలు ఆరబోస్తున్నది. ఇరవై ఏండ్ల సంది ఆ ఇంటికి పోతున్న, ఎప్పుడు పోయినా "రా అన్నా" అని నీళ్లిచ్చేది. ఆ రోజు తల ఎత్తకుండనే, "తొమ్మిది రోజులకు తోవ దొరికిందా సారూ?" అన్నది.

సారూ అన్న ఆ ఒక్క మాటకు నా మొకం కాలినట్టయింది. "తప్పయింది చెల్లే" అన్న. ఆమె మిరపకాయలు తిప్పుకుంటనే ఉంది.

ఆయన పక్కకు జరిగి జాగ ఇచ్చిండు. కూసున్న. అడ్డదిడ్డంగ అడిగేసిన, "అందరి ముందట నన్నెందుకు కాపాడినవ్ రా? నేను పంపిన అని చెప్తే అయిపోయేది గదా."

"నిన్ను కాపాడుదామని కాదన్నా" అన్నడు. "నాకు సిగ్గయింది. వైర్లు నా కళ్లకు కనవడ్తున్నయి. పోవద్దని నాకు తెలుసు. తెలిసి కూడ, ఫోన్ల నలుగురు నవ్వంగనే పోయిన. ముప్పై ఏండ్లు నడిపినోన్ని, ఒక నవ్వుకు పోయిన అని ఏ మొకం పెట్టుకుని చెప్పాలె?"

జేబులకెల్లి కాగితం తీసి ఇచ్చిన. ఆయన ఎడమ చేత్తోని పట్టుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి, "అద్దాలు ఏడ పెట్టిన్నో ఏమో. నువ్వే సదువు" అన్నడు.

అద్దాలు ఆయన అంగీ జేబులనే ఉన్నయి. నాకు కనవడ్తనే ఉన్నయి. నాకు కనవడ్తున్నయని ఆయనకూ తెలుసు.

సదివిన. ఎత్తు కాడికెల్లి మొదలుపెట్టి, సంతకం దాక. "పొమ్మని చెప్పింది నేనే" అన్న కాడికి వచ్చినప్పుడు ఆమె మిరపకాయలు ఇడిసిపెట్టి లేచి నిలబడ్డది.

"మళ్ల సదువు. గట్టిగ" అన్నది.

మళ్ల సదివిన. పక్కింటోళ్లు గడపలకు వచ్చిన్రు. ఇద్దరు ముసలోళ్లు కర్రలు పట్టుకుని వచ్చి అరుగు కింద నిలబడ్డరు. ఆమె ఒక్కొక్క మాటను వాళ్ల భాషల మార్చి, గల్లీ మొత్తం వినేటట్టు చెప్పింది. నాకు ఆ భాష రాదు. కాని మందు అన్న మాట, లేదు అని ఆమె చెయ్యి ఊపిన తీరు అర్థమయింది. ముసలోళ్లల్ల ఒకాయన దూరం నుంచి వచ్చేటోళ్లను చూపిచ్చి ఏదో అన్నడు. ఆమె నా దిక్కు తిరిగి, "వాళ్లు ఇనలేదంట. ఇంకోసారి" అన్నది.

మూడోసారి లేచి నిలబడి సదివిన. సగంల ఆగి, తువ్వాలతోని మొకం తుడుచుకుని, మిగిలింది సదివిన. ఆయన తల కిందికి వేసుకుని, బాగున్న చెయ్యిని మోకాలి మీద పెట్టుకుని, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విన్నడు.